బాపు గిట్ల కూసుంటుండె

ఆ రోజుల్లో జహీరాబాదులో ఫోటో దిగడమంటే ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. కెమెరా ముందు నిలబడితే ఆయుష్షు తగ్గుతుందని సగం ఊరు, దిష్టి తగులుతుందని మిగతా సగం నమ్మేవి. (నేను ఆ డబ్బా మీదే బతకాలనుకున్నవాణ్ణి కనుక ఏదీ నమ్మలేదు.) పట్నంలో బొమ్మలు వేయడం కొంత నేర్చుకుని, ఎవరో వాడి వదిలేసిన డబ్బా కెమెరా ఒకటి చంకన పెట్టుకుని వచ్చి, స్టేషను రోడ్డులో 'ఇచ్చట మనుషుల బొమ్మలు వేయబడును' అని తెలుగులోనూ ఉర్దూలోనూ బోర్డు రాసుకుని కూర్చున్నాను. బోర్డు చూడటానికి చాలామంది వచ్చేవారు. బొమ్మ వేయించుకోవడానికి మాత్రం ఎవరూ రాలేదు. మా నాయన పప్పుల దుకాణం నుంచి భోజనానికి వస్తూ రోజూ ఆగి, "బోర్డు మంచిగ రాసినవ్ రా. మన దుకాణానికి గూడ ఒకటి రాసి, నువ్వు గూడ ఆడనే కూసో" అని పోయేవాడు.

అలాంటి సమయంలో రాయికోడు నుంచి పిలుపు వచ్చింది. అక్కడి పెద్ద పటేలు పోయి ఏడాది దాటింది. ఇప్పుడు కొడుక్కు పెళ్ళి కుదిరింది. కొత్త కోడలు ఇంట్లో అడుగు పెట్టగానే మామగారికి దండం పెట్టాలని పటేలు భార్య పట్టుబట్టింది. ఆమెను ఊరంతా పెద్దమ్మ అనేవారు. "మొక్కనీకి మనిషి లేకపాయె, బొమ్మన్న ఉండాలె గద బిడ్డా" అంది. సరే, ఆయన ఫోటో ఇప్పించండి అన్నాను. ఇంటిల్లిపాదీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయుష్షు తగ్గుతుందని ఆయన జన్మలో కెమెరా ముందుకు రాలేదట. (దిగకుండానే తొందరగా పోయాడు, అది వేరే మాట.)

ఫోటో లేకపోతే మనమే తయారు చేసుకుందాం అనుకున్నాను. నా వయసు అలాంటిది. పోలికలన్నీ ఇంట్లోనే ఉంటాయి కదా, ఏరుకుంటే సరి. ముక్కూ మీసం కోసం ఆయన తమ్ముడు చిన్న పటేలుకు అన్న కోటు తొడిగి, అన్న తలపాగా పెట్టి, వాకిట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టాను. వెలుతురు ఒక పక్క నుంచే పడేలా నులకమంచం నిలబెట్టి దుప్పటి కట్టాను. యుద్ధం రోజులు కావడంతో రీలు దొరకడం గగనం. అందుకని మీట నొక్కే ముందు నేను ఊపిరి బిగపట్టేవాణ్ణి, నన్ను చూసి ఇల్లంతా బిగపట్టేది. అంతా అయ్యాక, "ఫోటువలు కడిగించనీకి పట్నం పంపాలె" అన్నాను. చిన్న పటేలు నొచ్చుకుని, "గంత దూరమెందుకు? మా బాయిల నీళ్ళు లేవా?" అన్నాడు.

కడిగిన ఫోటోలు రైల్లో వచ్చాయి. వాటిని ముందు పెట్టుకుని బొగ్గుతో ఒక నమూనా గీసి తీసుకెళ్ళాను. పెద్దమ్మ దగ్గరగా వచ్చి, నడుం మీద చెయ్యి పెట్టుకుని తీరిగ్గా చూసి, "మా మరిది మంచిగ వచ్చిండు" అంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. మరి పటేలుగారి మొహం ఎట్లా ఉండేదో చెప్పమ్మా అని బతిమాలాను. చాలాసేపు ఆలోచించింది. "నాకేమెరుక బిడ్డా? ఆయన ముంగట నేను తలెత్తిందెన్నడు? ఆయన రాంగనె కొంగు నెత్తి మీదికి గుంజుకునుడు, తలుపు సాటుకు జరుగుడు. గట్లనే అయిపాయె బతుకంత. కాళ్ళు గీయి, గుర్తు పడత" అంది. వింటుంటే నవ్వు రావలసిందే గాని, రాలేదు. ఈ బొమ్మే గోడెక్కితే కొత్త కోడలు బతికున్న చినమామకు దండ వేస్తుంది, నేను పప్పుల దుకాణంలో తేలతాను. అంతకన్నా, ఆమె ఆశ పెట్టుకున్న ఆ ఒక్క దండం దారి తప్పుతుందని దిగులేసింది.

మళ్ళీ ఫోటోలు తీద్దామని చిన్న పటేలును మళ్ళీ కుర్చీలో కూర్చోబెట్టాను. పెళ్ళి పనులకని న్యాల్‌కల్ నుంచి వచ్చిన పెద్దమ్మ పెద్ద కూతురు (నేను అక్కా అనేవాణ్ణి) ఆయన అవస్థ చూసి చూసి, "లే చిన్నాయనా, గట్ల కాదు. బాపు గిట్ల కూసుంటుండె" అని ఆయన్ను లేపింది. తలపాగా తను పెట్టుకుని, చీర మీదే కోటు తొడుక్కుని కూర్చుంది. ఎడమ భుజం కాస్త పైకి, మెడ ఓ పక్కకు, గడ్డం కింద వేలు, కళ్ళు సగం మూత. గొంతు బొంగురు చేసి, "చాయ్ అయితున్నదా, తెల్లారుతదా?" అని గద్దించింది. అందరూ ఘొల్లుమన్నారు. సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి చెంబుతో వస్తున్న పెద్దమ్మ గడపలో ఆగిపోయింది. చెయ్యి దానంతట అదే లేచింది. కొంగు నెత్తి మీదికి వచ్చింది. ఆమె తలుపు చాటుకు జరిగింది. ఆ తర్వాత గాని తెలియలేదు ఆమెకు. "నువ్వానె పోరీ!" అని నవ్వి, ఆ కొంగుతోనే కళ్ళు తుడుచుకుంది. రీలులో ఒక్క ఫోటోయే మిగిలింది. "అక్కా, జర కదలకు!" అని నొక్కేశాను.

పెళ్ళికి ముందు రోజు, రంగులు వేసిన బొమ్మను గుడ్డలో చుట్టి బండిలో తీసుకెళ్ళాను. ముక్కు చిన్న పటేలుది, కళ్ళూ కూర్చున్న తీరూ అక్కవి. గుడ్డ తీయగానే మీసం ఎక్కువైందని ఒకరు, రంగు తక్కువైందని ఒకరు మొదలుపెట్టారు. నేను అవేవీ వినలేదు. లోపలి నుంచి వస్తున్న పెద్దమ్మ చేతి వంకే చూస్తున్నాను. ఆ చెయ్యి లేచింది. కొంగు నెత్తి మీదికి వచ్చింది. తలుపు చాటు నుంచి, "చాయ్ పెట్టాల్నా అని అడగబుద్ది అయితున్నది బిడ్డా" అని వినిపించింది. అంత సంతోషం నాకు మళ్ళీ ఏ బొమ్మకూ కలగలేదు. మా నాయన దుకాణానికి బోర్డయితే రాయించుకున్నాడు గాని, అక్కడ కూర్చోమని మళ్ళీ అనలేదు.

ఊళ్ళో ఇంతమందికి ఫోటోలు తీసిన నాకు ఆ వయసు ఫోటో ఒక్కటీ లేదు. మొన్న ఉబలాటం పుట్టి, మనవరాలికి నా పాత టోపీ పెట్టి, డబ్బా కెమెరా చేతికిచ్చి, కిటికీ పక్కన కూర్చోబెట్టి ఫోటో తీసుకుని, దాన్ని చూస్తూ నా పడుచుతనాన్ని నేనే గీసుకున్నాను. పూర్తయ్యాక మా ఆవిడను పిలిచి, పాత అలవాటు కొద్దీ ఆమె చేతి వంక ఆశగా చూశాను. చెయ్యి లేచింది, కళ్ళజోడు సవరించుకుంది. తలెత్తి, నిండుగా, తీరిగ్గా చూసి, "గింత మంచిగ ఎన్నడున్నవయ్యా నువ్వు?" అంది. ఉన్నాననే అంటున్నాను. కాదనడానికి ఆమె దగ్గరా ఫోటో లేదు.