చింత బరికెకు దక్కిన పేరు

మా బావ కుడి మణికట్టు వంకరగా అతుక్కుంది. పెళ్లిళ్లలో ఆ చెయ్యి చూపించి, "మా తమ్ముని పెండ్లాం ఇరగ్గొట్టింది" అని ఇప్పటికీ చెబుతాడు. ఎందుకు విరగ్గొట్టానో చెప్పడు. అది నేనే చెప్పాలి.

ఎనభైల మొదట్లో మేం తాండూరులో ఉండేవాళ్లం. నా భర్త నాపరాళ్ల గనిలో బండలు తీసేవాడు. పని దిగగానే కల్లు దుకాణానికి పోయేవాడు. చెట్ల కల్లు చాలక నీళ్లలో మత్తుమందు కలిపి అమ్ముతారని అందరికీ తెలుసు. తెలిసే తాగేవాళ్లు. ఆయన తాగి వచ్చి కొట్టిన ఒక దెబ్బకు నా కింది పెదవి చీలింది. అత్త పసుపు అద్ది, "మొగోడన్నంక కొడ్తడు. నువ్వు గూడ నోరు జర తక్కువ జేస్కో" అంది. ఆ మాట నేను మరిచిపోలేదు.

ఒకసారి అధికారులు దాడి చేసి దుకాణం మూయించారు. మర్నాటికే ఆయన చేతులు వణకసాగాయి. నిద్ర పట్టడం మానేసింది. గోడ మీద తేళ్లు పాకుతున్నాయని అరుస్తూ వేళ్ల తోలు ఊడేదాకా గోడను గుద్దాడు. నన్ను జుట్టు పట్టి గడపకేసి కొట్టాడు. అంతలోనే మెడ మెలి తిరిగి, నాలుక కరుచుకుని, నా పక్కనే పడిపోయాడు.

యాలాల్ నుంచి బావ వచ్చి గాలి సోకిందని తేల్చాడు. తమ్ముణ్ణి గుంజకు కట్టి, మిరపకాయల పొగ పెట్టి, చింత బరికె అందుకున్నాడు.

"ఎవరు నువ్వు? పోతవా, పోవా?"

వీపు చిట్లి నెత్తురు కారింది. ఆయన "కల్లు, కల్లు" అని మూలిగాడు. దయ్యం అడిగింది ఇవ్వాలని అత్త ఎక్కడినుంచో ఒక సీసా తెప్పించి నోట్లో పోసింది. కాసేపటికి ఆయన నిద్రపోయాడు.

"సూసిన్రా? నాలుగు తగిలిస్తే లేచి పోయింది," అన్నాడు బావ.

దెబ్బలకు కాదు, కల్లుకు అణిగిందని అత్తతో అన్నాను. "సాలు తియ్, పెద్ద డాక్టరమ్మ వచ్చింది" అంది. అదీ మరిచిపోలేదు.

ఆ సీసా మత్తు దిగాక మళ్లీ మూర్ఛ వచ్చింది. బావ మళ్లీ బరికె తీశాడు. అప్పటిదాకా నేను బావ ముందు కొంగు తీసి నిలబడింది లేదు. ఆ రోజు అడ్డం నిలబడ్డాను.

"జరుగు పిల్లా. నీకు గూడ పట్టిందా దయ్యం?"

"పట్టింది. ఇంకొక్క దెబ్బ ఎయ్యి, నిన్ను గూడ పడ్తది."

దెబ్బ నా భుజం మీద పడింది. మూలనున్న రోకలి తీసి బావ చేతి మీద వేశాను. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది.

గనిలో నా భర్తతో పనిచేసే ముస్లిం ఆయన పక్కింట్లోనే ఉండేవాడు. పరుగున వచ్చి కట్లు విప్పాడు. "భాభీ, పాసింజర్ దొరుకుతది. వికారాబాద్ దవాఖానకు పోదాం. నేను పట్టుకుంట" అన్నాడు. ధారూర్ దగ్గర రైల్లోనే మళ్లీ మూర్ఛ వచ్చింది. ఆయనే నా భర్తను పక్కకు ఒత్తిగిలించి పట్టుకున్నాడు. మిగతావాళ్లు దూరం జరిగారు.

దవాఖానలో డాక్టరమ్మ ముందు వీపు చూసింది. "ఎవరు కొట్టిన్రు?"

"ఆయన అన్న. దయ్యమన్నడు."

"దయ్యం గాదమ్మా, కల్లుల మందు. ఒంటికి అలవాటైనంక ఒక్కపాలి బంద్ జేస్తే గిట్లనే ఫిట్స్ వస్తయి. పాణం గూడ పోతది. ఈడ మేం చూస్కుంట మెల్లగ తగ్గిస్తం. మల్ల తాగితే కొట్టకున్రి, దాచకున్రి, తీస్కరాన్రి."

చాలా రోజులు అక్కడే ఉన్నాం. ఇంటికొచ్చాక ఆయన మళ్లీ ఒకసారి తాగాడు. మళ్లీ తీసుకుపోయాను. రెండోసారి తాగకుండా నిలబడ్డాడు.

తమ్ముణ్ణి బతికించింది బరికేనని బావ ఊరంతా చెప్పుకున్నాడు. నా భర్త పక్కనే కూర్చుని నవ్వేవాడు. ఆ మాట విని, మేం యాలాల్ పోయి ఉన్న రోజున కొడంగల్ నుంచి ఒకామె వణుకుతున్న మొగుణ్ణి తాళ్లతో కట్టి బావ వాకిట్లోకి తెచ్చింది. నేను ఆ తాళ్లు విప్పి, ఆమెను వికారాబాద్ దవాఖానకు వెంటబెట్టుకుని పోయాను. వెనక నుంచి బావ తిట్టిన తిట్లన్నీ నాకు గుర్తున్నాయి.