మస్తాన్ గారి రాళ్ళ కొట్టు

మొన్న సాయంత్రం మా అపార్ట్‌మెంట్‌లో ఎదురింటి పసిపాపకు దిష్టి తీశారు. పాప నానమ్మ గుప్పెట్లో రాళ్ళ ఉప్పు, ఎండుమిరపకాయలు పట్టుకుని పాప చుట్టూ తిప్పి, వంటింట్లోకి వెళ్ళి పాత పెనం మీద పోసి గ్యాస్ వెలిగించింది. ఉప్పు చిటపటలాడింది. గుంటూరు మిరపకాయ కదా, ఘాటు తలుపు దాటి బయటికొచ్చేసింది. లిఫ్టు కోసం నిలబడ్డవాళ్ళం అందరం దగ్గడం మొదలుపెట్టాం. "హమ్మయ్య, ఘాటొచ్చింది. అంటే పిల్లకి పెద్ద దిష్టేం లేదు," అందావిడ కళ్ళు తుడుచుకుంటూ. అందరం నవ్వుకున్నాం. పై అంతస్తు పెద్దాయనకు మాత్రం దగ్గు ఆగలేదు. గోడకు చెయ్యి ఆనించి, వంగి, ఊపిరి కోసం తంటాలు పడుతున్నాడు. "ఎన్నాళ్ళ నుంచండీ ఈ దగ్గు?" అని నా నోట్లోంచి వచ్చేసింది. ఆ మాట నాది కాదు. ఆ విరుపు, ఆ నెమ్మది, రెండూ మస్తాన్ గారివి.

మస్తాన్ గారికి ఒంగోలు బస్టాండు వెనక సందులో జాతిరాళ్ళ కొట్టు ఉండేది. పగడం, ముత్యం, పచ్చ, నీలం, పుష్యరాగం, గోమేధికం, ఏ గ్రహానికి ఏ రాయి అని జ్యోతిష్కులు రాసిస్తే జనం ఆ చీటీ పట్టుకుని ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళు. ఆయన తాతల కాలం నుంచి వాళ్ళది రాళ్ళు పొదిగే పని. నేను డిగ్రీ అయ్యాక చేరిన మొదటి ఉద్యోగం అదే. ఆడవాళ్ళు తమ కష్టం మగవాడి ముందు చెప్పుకోలేకపోతున్నారని, ఒక అమ్మాయి ఉంటే బాగుంటుందని ఆయన నన్ను పెట్టుకున్నారు. చేరిన రోజే ఒక మాట చెప్పారు. "చూడమ్మా శారదా, రాయి అసలుదా నకిలీదా అని అడిగితే మనం జవాబు చెప్పాలి. అది మన బాధ్యత. పని చేస్తుందా అని అడిగితే, అది మీకూ మీ పంతులు గారికీ సంబంధించిన విషయం అని చెప్పాలి. ఆ రెండూ కలపకు." నాకు ఆ లెక్క నచ్చింది. ఎవరినీ మోసం చెయ్యక్కర్లేదు, ఎవరితోనూ వాదించక్కర్లేదు.

ఆయన వేళ్ళకు ఒక్క ఉంగరం కూడా ఉండేది కాదు. కానీ మధ్యాహ్నం ఇద్దరం క్యారేజీలు విప్పినప్పుడు ఉప్పు డబ్బా అడిగితే చేతికి ఇచ్చేవారు కాదు. బల్ల మీద పెట్టి నా వైపు జరిపేవారు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను, "చేతికే ఇవ్వచ్చు కదండీ?" అని.

"ఉప్పు చేతికిస్తే ఇచ్చినవాళ్ళకీ పుచ్చుకున్నవాళ్ళకీ గొడవలొస్తాయంటారు."

"మీరు నమ్ముతారా?"

"నేను నమ్మను. మా అమ్మ నమ్మేది. బల్ల మీద పెడితే ఎవరికమ్మా నష్టం?"

ఆయన దేన్నైనా ఆ ప్రశ్నతోనే కొలిచేవారు. నష్టం లేని నమ్మకాల జోలికి వెళ్ళేవారు కాదు. పర్చూరు వైపు నుంచి ఒక పత్తి వ్యాపారి వచ్చి నీలం తీసుకున్నాడు. నీలం అందరికీ పడదని, పడకపోతే మనిషిని కూలదోస్తుందని మా వైపు గట్టి భయం. అందుకని ముందు గుడ్డలో చుట్టి జబ్బకు కట్టుకుని కొన్నాళ్ళు చూస్తారు. ఈయన కట్టుకుని ఇంటికి వెళ్తుంటే దారిలోనే బండి టైరు పంక్చరైంది. మర్నాడు పొద్దున్నే మేము షట్టరు ఎత్తేసరికి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. "వద్దు బాబోయ్, దీన్ని మీరే ఉంచుకోండి," అని రాయి ఉన్న గుడ్డను బల్ల అంచున పెట్టి దూరంగా జరిగాడు. మస్తాన్ గారు దాన్ని వెనక్కి తీసుకున్నారు. అతను వెళ్ళాక నేను నవ్వు ఆపుకోలేకపోయాను. "రోడ్డు మీద మేకుంటే నీలం ఏం చేస్తుందండీ? మీరైనా చెప్పచ్చుగా," అన్నాను. "చెప్తే తీసుకెళ్ళి పెట్టుకుంటాడు. భయపడుతూ పెట్టుకున్న ఉంగరం రోజంతా గుచ్చుకుంటూనే ఉంటుందమ్మా," అన్నారాయన. నిజానికి ఆ కొట్లో నేను నేర్చుకున్నది రాళ్ళ గురించి తక్కువ. భయపడ్డ మనిషితో ఎలా మాట్లాడాలో ఎక్కువ.

ఇక వెంకటేశ్వర్లు సంగతి. దర్శి దగ్గర పల్లెటూరు అతనిది. గ్రానైట్ క్వారీలో డ్రిల్లింగు పని. భార్య అంజమ్మతో కలిసి వచ్చాడు. మెట్లెక్కి లోపలికొచ్చి కూర్చునే లోపే దగ్గు తెర కమ్మింది. మనిషి ఎముకల గూడులా ఉన్నాడు. కుజదోషం వల్ల రక్తం విరిగిపోతోందని, పగడం పెట్టుకుంటే ఒళ్ళు కోలుకుంటుందని ఎవరో చెప్పారట. అంజమ్మ చీటీ చాపింది. మస్తాన్ గారు చీటీ చూడలేదు. అతన్నే చూస్తున్నారు.

"ఎన్నాళ్ళ నుంచి ఈ దగ్గు?"

"మిరప కోతలప్పుడు మొదలైందండి. ఘాటుకేమో అనుకున్నాం. కోతలు అయిపోయినా పోలేదు," అంది అంజమ్మ.

"ఆసుపత్రికి వెళ్ళారా?"

"ఆర్‌ఎంపీ దగ్గర సూదులు వేయించుకున్నాడండి. పెద్దాసుపత్రికంటే రానంటాడు. అక్కడికెళ్ళినోళ్ళు తిరిగి రారంటాడు."

మస్తాన్ గారు పగడాల పెట్టె తీసి, మంచి ఎర్రటిది ఒకటి ఎంచి, వెంకటేశ్వర్లు అరచేతిలో పెట్టారు. అతని ముఖం వెలిగింది. అప్పుడు చెప్పారు: "ఈ రాయి నీకోసం పక్కన పెడతాను. కానీ ఒంట్లో ఏముందో తెలియకుండా పగడం పెట్టుకోకూడదు. అలా పెట్టుకుంటే ఎదురు తిరుగుతుంది. ముందు ఛాతీ ఎక్స్‌రే తీయించు, తెమడ పరీక్ష చేయించు. ఆ కాగితాలు నాకు చూపించు. ఉంగరం చేసిస్తాను. డాక్టరు మందులిస్తే మాత్రం అవి మానకూడదు. మానిన రోజు ఉంగరం తీసెయ్యాలి."

పెద్దాసుపత్రి అంటే వణికే మనిషి, పగడం ఎదురు తిరుగుతుందనేసరికి తలూపాడు. వాళ్ళు వెళ్ళాక అడిగాను, "అలాంటి నియమం ఎక్కడన్నా ఉందాండీ?" అని.

"ఉంది. ఇప్పుడే పెట్టాను," అన్నారు, పెట్టె మూస్తూ.

అతనికి టీబీ అని తేలింది. రాతి ధూళి వల్ల ఊపిరితిత్తులు ముందే పాడయ్యాయని, మళ్ళీ క్వారీకి వెళ్ళొద్దని డాక్టర్లు చెప్పారు. కాగితాలు తెచ్చి చూపించాడు, ఉంగరం తీసుకున్నాడు. నెలల తరబడి మందులు మింగాడు. ఏడాది తిరిగేసరికి ఆటో నడుపుకుంటూ, బుగ్గలు నిండి, మా కొట్టు ముందు ఆగి హారన్ కొట్టాడు. మస్తాన్ గారి రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆ సాయంత్రం ఆయన చాలా సంతోషంగా ఉన్నారు. నేను కూడా ఇంటికెళ్ళి మా అమ్మకు కథలా చెప్పాను.

తర్వాత ఆ ఊరి నుంచి మనుషులు రావడం మొదలైంది. అందరికీ పగడమే కావాలి. "వెంకటేశ్వర్లుకి తగ్గిందంట గదండీ, అలాంటిదే ఇవ్వండి." ఆయన అందరికీ అదే నియమం చెప్పేవారు. కొందరు విన్నారు. కొందరు విసుక్కుని వేరే కొట్లకు వెళ్ళిపోయారు. అలా వెళ్ళినవాళ్ళలో శ్రీను ఒకడు. అదే క్వారీలో పనిచేసే కుర్రాడు, అతనిదీ అదే దగ్గు, పెళ్ళై ఒక ఆడపిల్ల. మా బల్ల ముందు నిలబడి, "కాగితాలూ గీగితాలూ ఎందుకండీ, రాయి ఇస్తారా ఇవ్వరా?" అని గట్టిగా అడిగి వెళ్ళిపోవడం నాకు గుర్తుంది. తర్వాత చాలాకాలం అతని సంగతి తెలియలేదు. ఒకరోజు వెంకటేశ్వర్లే వచ్చి చెప్పాడు, శ్రీను పోయాడని. వేరేచోట పగడం కొనుక్కుని, రేపు తగ్గుతుంది ఎల్లుండి తగ్గుతుంది అనుకుంటూ ఇంట్లోనే ఉండిపోయాడట.

మస్తాన్ గారు ఆ రోజు క్యారేజీ విప్పలేదు. మర్నాడు కొట్టు తెరవకుండా, "నువ్వు కూడా రామ్మా. శ్రీను భార్యతో మాట్లాడాలి, తోడు ఆడమనిషి ఉండాలి," అన్నారు. ఇద్దరం దర్శి బస్సెక్కాం. కిటికీలోంచి ఆరబోసిన మిరపకాయల కళ్ళాలు ఎర్రగా కనిపిస్తూ పోయాయి.

శ్రీను భార్య లక్ష్మి పాతికేళ్ళు నిండని పిల్ల. మమ్మల్ని చూసి చాప వేసింది. ఈయనే ఒంగోలు రాళ్ళ కొట్టాయన అని ఎవరో చెప్పాక లోపలికెళ్ళి భర్త వేలి నుంచి తీసిన ఉంగరం తెచ్చి మస్తాన్ గారి ముందు పెట్టింది. అప్పటికే వెంకటేశ్వర్లు, ఇరుగుపొరుగు వాళ్ళు గుమ్మం దగ్గర చేరారు.

"మీరు రాళ్ళు చూసి చెప్తారంట గదండీ. ఇది నకిలీదా? అందుకే పని చెయ్యలేదా?"

ఆయన జేబులోంచి భూతద్దం తీశారు. ఉంగరాన్ని వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశారు. నకిలీదని ఒక్క మాట అంటే చాలు. ఆ పిల్లకు కోపం తీర్చుకోవడానికి ఒక కొట్టు దొరుకుతుంది, ఈయన మంచివాడిగా బయటపడతారు. అక్కడున్న అందరూ ఆ మాట కోసమే చూస్తున్నారు.

"అసలుదేనమ్మా. మంచి పగడం."

"మరి ఎందుకు పోయాడండీ ఆయన?"

"పగడం జబ్బు తగ్గించదు తల్లీ. ఏ పగడమూ తగ్గించదు. వెంకటేశ్వర్లుకి తగ్గింది మందుబిళ్ళలతో."

వెంకటేశ్వర్లు గుమ్మంలోంచి ముందుకొచ్చాడు. "అదేంటండీ! మీరే గదా నాకిచ్చింది? మీరే గదా నియమాలు చెప్పింది?"

"నేనే ఇచ్చాను. నిన్ను ఆసుపత్రికి పంపడానికి అబద్ధం చెప్పాను. నీ వరకూ మంచే జరిగింది. కానీ ఊళ్ళోకి వచ్చింది నియమం కాదు, ఉంగరం. నేను ఆలోచించాల్సింది, ఆలోచించలేదు."

లక్ష్మి ఆయన వైపే చూస్తూ, గొంతు పెంచకుండా, "ఈ మాట ముందే చెప్పుంటే బాగుండేది గదండీ," అంది.

"అవునమ్మా," అన్నారాయన. తనను సమర్థించుకునే మాట ఒక్కటి కూడా ఆ నోటి నుంచి రాలేదు. నాకు మాత్రం నోటిదాకా వచ్చింది, ఆయన ఎంతమందిని పరీక్షలకు పంపారో చెప్దామని. ఆయన చెయ్యి కొద్దిగా ఎత్తి నన్ను ఆపారు.

లక్ష్మి వైపు తలెత్తి, "ఇంట్లో ఇంకెవరన్నా దగ్గుతున్నారా అమ్మా?" అని అడిగారు. లక్ష్మి జవాబు చెప్పేలోపే లోపలి గదిలోంచి దగ్గు వినిపించింది. చిన్నపిల్ల దగ్గు. అందరం అటు తిరిగాం. వెంకటేశ్వర్లు ఇంకా ముఖం గంటు పెట్టుకునే ఉన్నాడు, అయినా వెళ్ళి ఆటో తీసుకొచ్చాడు. తల్లినీ పిల్లనూ ఎక్కించుకుని అందరం ఆసుపత్రికి వెళ్ళాం. పిల్లకు జబ్బు తొలిదశలోనే దొరికింది. మందులు పూర్తయ్యేదాకా మస్తాన్ గారు అప్పుడప్పుడూ ఆ ఊరు వెళ్ళి కనుక్కుంటూనే ఉన్నారు. పిల్ల బాగుపడింది. లక్ష్మి ఆయన్ని పూర్తిగా క్షమించిందని నేను అనుకోను. వెళ్ళిన ప్రతిసారీ మంచినీళ్ళు ఇచ్చేది, నవ్వేది కాదు. ఆయనకు అది అన్యాయమని ఎప్పుడూ అనిపించలేదు.

ఆ తర్వాత కొట్లో మాట మారింది. పని చేస్తుందా అని ఎవరడిగినా, "అందంగా ఉంటుందండీ. మనసుకు ధైర్యం అనిపిస్తే పెట్టుకోండి. జబ్బుకి మాత్రం పని చెయ్యదు," అని ముఖం మీదే చెప్పేవారు. చాలామంది లేచి వెళ్ళిపోయేవారు. రాళ్ళు అమ్ముకుంటూ ఈ మాటలేంటని తోటి వర్తకులు ఎగతాళి చేశారు. జ్యోతిష్కులు మా కొట్టు పేరు చెప్పడం మానేశారు. మధ్యాహ్నాలు ఖాళీగా కూర్చునేవాళ్ళం. ఆయన మాత్రం వెనక్కి తగ్గలేదు. కొన్నేళ్ళకు గుండెపోటుతో పోయారు. వాళ్ళ అల్లుడు ఆ కొట్టును సెల్‌ఫోన్ల రిపేరు షాపు చేశాడు. నేను పెళ్ళయ్యాక గుంటూరు వచ్చేసి, ఒక నగల దుకాణంలో రాళ్ళ కౌంటర్లో పని చేస్తున్నాను.

కిందటి వేసవిలో ఒకామె చంకలో బిడ్డతో వచ్చి ముత్యం చూపించమంది. బిడ్డకు ఫిట్స్ వస్తున్నాయట, చంద్రుడికి ముత్యం కట్టమన్నారట. ట్రే తీసి ముందు పెట్టాను కానీ, ఉన్న మాట చెప్పేశాను. "ముత్యంతో ఫిట్స్ తగ్గవమ్మా. పిల్లల డాక్టరుకి చూపించాలి." ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "తగ్గనప్పుడు మీరెందుకు అమ్ముతున్నారు మరి?" అంది. నేను ట్రే నా వైపు లాక్కున్నాను. ఆమె బిడ్డను భుజాన వేసుకుని బయటికి నడిచింది. గాజు తలుపులోంచి చూస్తున్నాను. రోడ్డుకు అవతల ఇంకో నగల దుకాణం ఉంది. ఆమె దాని వైపు నడుస్తోంది.

పక్కనున్న అమ్మాయికి ట్రే అప్పగించి పరుగెత్తాను. డివైడరు దగ్గర అందుకున్నాను. ఏం మాట్లాడానో మాటమాటా గుర్తు లేదు. "ఆసుపత్రికి నేను కూడా వస్తాను, ఓపీ చీటీ నేనే రాయిస్తాను, పదండి," అన్నట్టు గుర్తు. ఆమె బిడ్డ నెత్తి మీద కొంగు కప్పి, సరేనంది. తర్వాత నేనే ఆటో పిలిచాను. ప్రభుత్వాసుపత్రి ఓపీ లైను చాలా పొడుగుంది. బిడ్డను మార్చి మార్చి ఎత్తుకున్నాం. డాక్టరమ్మ చూసి, పరీక్షలు రాసి, మందు మొదలుపెట్టింది.

నేను తిరిగొచ్చేసరికి మేనేజరు నా కౌంటర్ దగ్గరే నిలబడి ఉన్నాడు. "ఎక్కడికెళ్ళావమ్మా డ్యూటీలో?" అన్నాడు. కస్టమరుతో ఆసుపత్రికి వెళ్ళానని చెప్పాను. ఇంకోసారి ఇలా వెళ్తే బాగుండదన్నాడు. సరేనండీ అన్నాను కానీ, అవసరమైతే ఇంకోసారి కూడా వెళ్తానని నాకు తెలుసు.