తాగే నీళ్ళు

ఓడలోని వసతులు చూపించే అమ్మాయి మమ్మల్ని భోజనశాల, సినిమా హాలు దాటించి పై అంతస్తులో ఈతకొలను దగ్గరికి తీసుకెళ్ళింది. క్లోరిన్ వాసన తగలగానే నాకు ఒళ్ళు మండింది.

చిన్నప్పుడు హార్స్లీ హిల్స్‌లో అమ్మ ఒక రిసార్టులో గదులు ఊడ్చేది. ఒక సెలవురోజు నన్నూ వెంట తీసుకెళ్ళింది. అక్కడి కొలనులోనూ ఇదే వాసన. కొండ కింద మా ఊరికి ట్యాంకరులో వచ్చే నీళ్ళూ ఇలాగే వాసనేసేవి. అందుకే కొలనులోవి తాగే నీళ్ళనుకున్నాను. అందులో ఈదుతున్న ఒకాయన ఆ నీళ్ళే పుక్కిలించి అందులోనే ఉమ్మాడు.

"తాగే నీళ్ళలో యాల ఉమ్ముతాండావప్పా? బుద్ధి లేదా?" అని అరిచాను.

మేనేజరు అమ్మను పిలిపించి తిట్టాడు. అమ్మ ఆ ఉమ్మినాయనకు చేతులు జోడించింది. "తప్పయిపోయింది సార్, పిల్ల తెలీక అనేసింది."

సాయంత్రం ఊళ్ళోకి ట్యాంకరు వచ్చింది. కొండ మీద చేతులు జోడించిన అమ్మ, ఒక్క బిందె కోసం పక్కింటామెతో గొంతు చించుకుని పోట్లాడింది. ఆమె మీద అరవడానికి మాత్రం అమ్మకు భయం లేదు.

"దిగండి మేడం, నీళ్ళు చాలా శుభ్రంగా ఉంటాయి," అంది ఓడలో అమ్మాయి.

"తెలుసమ్మా," అన్నాను. "అవి తాగే నీళ్ళు."