పుట్టింటి గోల్ కాసిన చోందమ్మ

కాఫీ కోతలు ముగిసి కళ్ళం ఖాళీ అయిందంటే మొగ్గేటిర వారింట్లో సాయంత్రం పూట ఎవరూ కుదురుగా కూర్చోరు. ఆ కళ్ళంలోనే బిద్దప్ప ఒక కొసన, పద్నాలుగేళ్ళ కూతురు పూవి ఇంకో కొసన, వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ అతని భార్య చోందమ్మ గోల్ దగ్గర. ఇంటి పూర్వీకులైన కారణవుల దీపం వెలిగించే వేళయ్యేదాకా హాకీ కర్రల చప్పుడు ఆగదు. పూవి నడక నేర్చిందే కర్ర ఊతంతో అంటారు.

ఏటా వేసవిలో కొడగులో ఇంటిపేర్ల వారీగా హాకీ పోటీలు. తాతా మనవడూ, తల్లీ కూతురూ ఒకే జట్టులో దిగొచ్చు. ఆ యేడు తల్లి గోల్ కాస్తుంటే తాను ముందుండి ఆడాలని పూవి ఎన్నాళ్ళనుంచో రోజులు లెక్కపెడుతోంది. తీరా చీటీలు తీస్తే మొదటి ఆటే చోందమ్మ పుట్టింటివాళ్ళైన తోరేయండ వారితో పడింది.

మర్నాడే ఆమె తమ్ముడు మందన్న స్కూటరు మీద దిగాడు. కాఫీ తాగేసినా కప్పు కింద పెట్టడు. అరవై ఆరేళ్ళ చిన్నాన్నను కలుపుకున్నా తమవాళ్ళు పదిమందే తేలారట. పదకొండు నిండక ఏడేళ్ళుగా ఆ ఇంటిపేరు మైదానం మీద వినబడలేదు. పెళ్ళయిన ఆడపిల్ల పుట్టింటికైనా ఆడొచ్చు, మెట్టినింటికైనా ఆడొచ్చు. రెండింటికీ మాత్రం కుదరదు.

“నీ పేరు రాసిచ్చేశానక్కా. తిట్టాలనుంటే ఆటయ్యాక తిట్టు.”

పూవి మొహం మాడిపోయింది. “అంటే నామీదే ఆడతావా అమ్మా?”

చోందమ్మ అత్తగారే తేల్చింది. ఇక్కడ పదహారుమంది కర్రలు పట్టుకుని కాచుక్కూర్చున్నారు, అక్కడ ఒక్క మనిషి లేక పెద్దల పేరే మరుగున పడిపోతోంది, వెళ్ళమంది. “కానీ నా మనవరాలు గోల్ కొడితే చప్పట్లు కొడతా. ముందే చెప్తున్నా కోడలా, తర్వాత మూతి ముడుచుకోకు.”

ఆటనాడు మైదానం చుట్టూ జాతర. చోందమ్మ ప్యాడ్ల పట్టీలు బిగించుకోలేకపోతుంటే, ఎదుటి జట్టులో ఆడాల్సిన బిద్దప్ప వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కటే బిగించాడు. శత్రువుకు కవచం తొడుగుతున్నావేంటని వాళ్ళవాళ్ళు వేళాకోళమాడారు.

“సాయంత్రం నాకు కడంబుట్టు ఉండలు వండిపెట్టేది ఈ శత్రువేరా,” అన్నాడతను తలెత్తకుండా.

ఈల మోగింది. తోరేయండ వారికి కాళ్ళు తక్కువ, రోషం ఎక్కువ. చిన్నాన్న కర్రకు తగిలిన బంతి దారి మళ్ళి ఎలా వెళ్ళిందో ఏమో, గోల్లో పడింది! ఆయనకే నమ్మకం కుదరక పక్కవాణ్ణి అడిగాడు. అక్కణ్ణుంచి మొగ్గేటిర వారు ఉప్పెనలా మీదపడ్డారు. చోందమ్మ కాళ్ళకు తగిలి ఎన్ని బంతులు వెనక్కి పోయాయో లెక్కలేదు. ఇక కొన్ని క్షణాలే ఉన్నాయనగా పూవి బంతి అందుకుంది. ఒకణ్ణి దాటింది, మేనమామనూ దాటింది. ఎదురుగా అమ్మ ఒక్కతే.

చెమటకు మెరిసే ఆ చిన్న మొహం చూడగానే చోందమ్మకు వదిలేద్దామా అనిపించింది. రెప్పపాటు ఆలస్యం చేస్తే చాలు, ఎవరూ కనిపెట్టలేరు. పూవి తప్ప. ఇగ్గుతప్పా అనుకుంది; ఆ దేవుణ్ణి ఏం కావాలో అడగడానికి మాత్రం మనసు రాలేదు.

పూవి ఎడమకు చూసింది. ఎడమకు చూసిందంటే కుడికే కొడుతుంది. ఆ సంగతి తల్లికి తప్ప మైదానంలో మరెవరికీ తెలియదు. చోందమ్మ బరువంతా ఆ వైపుకే విసిరేసింది. బంతి ప్యాడుకు టప్పున తగిలి బయటికి పోయింది. ఈల!

తోరేయండ వాళ్ళు అరుస్తూ ఆమె మీద పడిపోయారు. మందన్న చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. ఆ గుంపు సందుల్లోంచి చోందమ్మ కూతురికోసం వెతికింది. పూవి గడ్డిలో బోర్లా పడుకుంది. చాలాసేపటికి లేచి నీళ్ళ సీసాతో వచ్చి, తల్లి పట్టీలు విప్పడం మొదలుపెట్టింది. ఒక కాలు అయింది. రెండోదాని దగ్గర ఆగింది.

“రేపు మీమీద ఆడేవాళ్ళలో ఒక పొడుగాయన ఉన్నాడు. పొద్దున వాళ్ళ ఆట చూశాను. బంతి పైకి లేపి కొడతాడు,” అంది, కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. “నువ్వేమో ఎప్పుడూ చేతులు కిందికి వేలాడేస్తావు. లే. చూపిస్తాను.”

చోందమ్మ ఒక ప్యాడుతోనే లేచి నిలబడింది.