పోసవ్వ విప్పిన ముడి

బాన్సువాడలో పోసవ్వను ఎరిగినవాళ్లెవరూ ఆమెను నెమ్మదస్తురాలని అనరు. నడిస్తే గబగబ, మాట్లాడితే గడగడ. పట్నంలో రెండేళ్లుండి నర్సు పనీ పురుళ్లు పోయడమూ నేర్చుకుని, పాసైనట్టు ఇచ్చిన సనదు చేతపట్టుకుని బస్సు దిగిన రోజున కూడా ఆమె నేరుగా ఇంటికి పోలేదు. సంచీ భుజాన వేసుకుని దవాఖానకే పోయింది. అక్కడున్న కాంపౌండరును పట్టుకుని "గీడ నర్సు జాగ ఎప్పుడు ఖాళైతది?" అని అడిగింది. అతను నోరు తెరిచేలోపే, "నా పేరు పోసవ్వ. యాదిల పెట్టుకో" అని చెప్పి, అప్పుడు ఇంటి దారి పట్టింది.

ఆ జాగా ఖాళీ కావడానికి ఏడు నెలలు పట్టింది. అప్పుడు జర్మనీ యుద్ధం నడుస్తోంది. కిరసనాయిలు దొరకదు, కాగితం దొరకదు, కొత్త కొలువుల మాట ఎవరూ ఎత్తరు. సనదు ఉంది కదా అని దాన్ని నంజుకుని అన్నం తినలేరు. అందుకని తల్లి బాలవ్వ పక్కనే ఇంకో చాట పెట్టుకుని పోసవ్వ మళ్లీ బీడీలకు కూర్చుంది.

ఆ పని ఆమెకు కొత్తేం కాదు. తండ్రి పోయాక ఎనిమిదేళ్ల వయసునుంచీ చేసిందే. తునికాకు తడిపి, కత్తెరతో కోసి, పొగాకు పోసి చుట్టి, దారం రెండు చుట్లు తిప్పి కొసను కిందనుంచి దూర్చి లాగేయడం. బీడీ మూతి మడవడానికి బొటనవేలి గోరు కావాలి. బీడీలు చేసే ఆడవాళ్లందరూ ఆ ఒక్క గోరును ప్రాణంలా పెంచుకుంటారు. పట్నంలో చేరిన మొదటి రోజునే పోసవ్వ గోరు కత్తిరించేశారు. ఏడు నెలల్లో అది మళ్లీ పెరిగింది, గట్టిపడింది, పొగాకు రంగు పట్టింది.

ఇంతలో కబురు వచ్చింది. దవాఖానలో ఒకే ఒక్క నర్సు జాగా, దానికి దర్ఖాస్తు పెట్టినవాళ్లు ముగ్గురు. ఒకామె నిజామాబాదునుంచి, ఒకామె బోధన్‌నుంచి, మూడోది మన పోసవ్వ. గురువారం నాడు జిల్లానుంచి పెద్ద డాక్టరమ్మ వచ్చి, ముగ్గురినీ చూసి ఒకరిని పెట్టుకుంటుందట. ఇది తప్పితే చుట్టుపక్కల ఇంకో జాగా లేదు. దూరపు జిల్లాలకు పోదామా అంటే బాలవ్వ కళ్లు మసకలయ్యాయి, దారం కొస వెతుక్కోవడానికే ఆమెకు సగం పూట పడుతోంది. తల్లిని వదిలి పోలేదు. కాబట్టి గురువారం గెలిస్తే నర్సు, ఓడితే బతుకంతా చాట. పోసవ్వకు ఈ లెక్క బాగా తెలుసు. తెలిసే, "నాకు గాక ఇంకెవలికిస్తరే!" అని తల్లితో అంది. ఆ పిల్లకు ధైర్యం పుట్టుకతో వచ్చింది, దానికి మందు లేదు.

ధైర్యం ఒక్కటే చాలదని చెప్పడానికి పక్కింట్లో పండరి ఉన్నాడు. దవాఖానలోనే ముప్పై ఏళ్లు కాంపౌండరు పని చేసి, ఇప్పుడు అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లకు కషాయాలు చెప్పే పెద్దమనిషి. దెగ్లూరు వైపునుంచి వచ్చి స్థిరపడ్డవాడు, కోపమొస్తే మరాఠీలోకి దిగుతాడు. పోసవ్వను తయారు చేసే బాధ్యత తనదేనని ఎవరూ అడక్కుండానే నెత్తికెత్తుకున్నాడు.

"కొలువంటే ఉత్తగ రాదు బిడ్డా. తయారు గావాలె. నేను చెప్పినట్టు ఇను."

మొదటి పని దర్ఖాస్తు. పంపింది సరిపోదట, చేతికి ఇంకొకటి ఇవ్వాలట. షావుకారును బతిమాలి మూడు తెల్ల కాగితాలు తెచ్చుకుంటే, తను రాసిన ఉర్దూ అక్షరాలు వంపు తిరగలేదని పండరి రెండింటిని చించేశాడు. మూడోది రాసేటప్పుడు మాత్రం ఆమె పక్కనే నిలబడి "మామా, గిది చింపితివా, నేను నిన్ను చింపుత" అంది. మూడోది బ్రహ్మాండంగా వచ్చింది.

తర్వాత ప్రశ్నలు, జవాబులు. రోజూ పొద్దున ఒక గంట పండరి అరుగు మీద ఆఫీసరవుతాడు. తలపాగా పెట్టుకుని, గొంతు మార్చి, ఉర్దూలో అడుగుతాడు. నీ పేరేంటి, తండ్రి పేరేంటి, జ్వరం మిక్చరులో ఏమేం కలుపుతారు, పెద్ద సీసాకు ఎన్ని డ్రాములు, సర్కారు ఖజానా ఎక్కడుంది? ఖజానా సంగతి నర్సుకు ఎందుకని పోసవ్వ అడిగితే, "నన్ను అడిగిన్రు" అన్నాడాయన. ముప్పై ఏళ్ల కిందట తనను ఏం అడిగారో అవే అడుగుతున్నాడని అప్పుడర్థమై ఆమెకు నవ్వాగలేదు. అయినా అన్నీ కంఠస్థం పట్టింది. ముసలాయన తన కోసం గొంతు పోగొట్టుకుంటున్నాడు, ఆ మాత్రం చెయ్యొద్దూ!

ఆఖరి రోజు పండరి రెండు మాటలు మరీ మరీ చెప్పాడు.

"ఒకటి, బీడీల ముచ్చట తియ్యకు. సనదున్న పిల్ల బీడీలు చేస్తుందంటే చిన్న చూపు చూస్తరు. రెండు, ఆఫీసరు ముందట తప్పు ఒప్పుకోకు. తప్పు జేసినా బరోబర్ జేసినట్టే నిలబడు. ముప్పై ఏండ్లు నేను గట్లనే నిలబడ్డ."

"గట్లనేనా మామా?" అంది పోసవ్వ, ఆయన కలిపిన మందులు తాగిన ఊరందరి మొహాలూ ఒక్కసారి కళ్లముందు తిరగ్గా.

ఇంట్లో గొడవ మాత్రం గోరు దగ్గర వచ్చింది. బుధవారం పొద్దు గూకే వేళ పోసవ్వ కత్తెర తీసుకుంది. బాలవ్వ చేతిలోని ఆకు కింద పడేసి చెయ్యి పట్టుకుంది.

"ఆగే! ఆర్డరు చేతికి రానీ, అప్పుడు కోసుకో. అది మళ్ల పెరిగేదాంక ఏం జేస్తవు? ఏం తింటం?"

"గోరుతోని దవాఖానల చెయ్యి ఎట్ల పెడుదునే అవ్వా?"

"రేపు నిన్ను చూసుడే గద! చెయ్యి కొంగుల దాసుకో."

"చెయ్యి దాసుకునే నర్సును ఎవలు పెట్టుకుంటరే?"

బాలవ్వ చెయ్యి వదిలి మొహం తిప్పుకుంది. కోపం వచ్చి కాదు, భయం వచ్చి. ఇల్లు నడిచేది ఆ గోటి మీదనే. పోసవ్వ కత్తెర ఆడించింది, గోరు టక్కుమని తెగి చాటలో పడింది. బొటనవేలు బోడిగా, చిన్నపిల్ల వేలులా కనిపించింది. అప్పుడు మాత్రం పోసవ్వ చాటలో పడ్డ గోరు వైపు చూసింది. ఒక్క క్షణమే. తర్వాత లేచి, చింతపండూ బూడిదా వేసి చేతులు తోమీ తోమీ ఎర్రగా చేసుకుంది. పొగాకు మరక సగం పోయింది, వాసన మాత్రం మొండికేసింది.

గురువారం దవాఖాన వసారాలో ముగ్గురికీ బల్ల వేశారు. నిజామాబాదు ఆమెకు బూట్లున్నాయి, చేతికి గడియారం ఉంది. బోధన్ ఆమె దగ్గర ఎవరో పెద్ద సాహెబు రాసిచ్చిన సిఫారసు కాగితం ఉంది. పోసవ్వకు గంజి పెట్టిన తెల్లచీర ఉంది, పండరి రాసిన మూడో కాగితం ఉంది. గేటు బయట వేపచెట్టు కింద పండరీ, బాలవ్వా నిలబడ్డారు. పండరి పెదవులు కదులుతున్నాయి, ఖజానా ఎక్కడుందో తనే అప్పజెప్పుకుంటున్నట్టు.

మొదటి ఇద్దరూ లోపలికి పోయి, తొందరగానే బయటికొచ్చారు. ఇద్దరి మొహాలూ తేటగానే ఉన్నాయి. పోసవ్వ లోపలికి పోయింది.

డాక్టరమ్మ యాభై దాటిన మనిషి. సన్నగా, కళ్లద్దాలతో, అలసిపోయినట్టు ఉంది. ఖజానా అడగలేదు. తండ్రి పేరూ అడగలేదు. దర్ఖాస్తు వైపు చూడనే లేదు. బల్ల మీద మూత పెట్టిన పళ్లెం చూపించి, "చేతులు కడుక్కుని రా. బొడ్డు కట్టి చూపించు" అంది ఉర్దూలో.

పళ్లెంలో సబ్బునీళ్లలో నానిన గుడ్డ వత్తి ఉంది, జారుతూ, తడితడిగా, అచ్చం బొడ్డుతాడు మందాన. పక్కన ఉడకబెట్టిన దారం. పోసవ్వకు ప్రాణం లేచి వచ్చింది. ఈ కట్టు ఆమె పట్నంలో నిజం బొడ్లకే ఎన్నోసార్లు కట్టింది. మోచేతుల దాకా కడుక్కుంది, దారం అందుకుంది. డాక్టరమ్మ ఆమె సనదు విప్పి చదువుతోంది. పోసవ్వ చేతులు చకచకా ఆడాయి. దారం రెండు చుట్లు తిరిగింది, కొస కిందకు దూరింది, లాగింది, అయిపోయింది.

అయిపోయాక చూసుకుంది. కట్టింది బీడీ!

ఏడు నెలలు రోజూ వందలకొద్దీ సార్లు చేసిన పని చేతులకు ఎక్కిపోయింది. మనసు చెప్పకముందే అవి తమ పని తాము చేసుకుపోయాయి. పైకి చూస్తే ముడి ముచ్చటగా, బిగుతుగా ఉంది. ఎండిన ఆకును అది పట్టి ఉంచుతుంది. తడి బొడ్డును పట్టదు. కాసేపటికి జారుతుంది, నెత్తురు కారుతుంది, పక్కన బాలింత నిద్రపోతుంటే పసిగుడ్డు చల్లబడిపోతుంది. ఇవన్నీ పోసవ్వకు తెలుసు.

డాక్టరమ్మ ఇంకా సనదులోనే ఉంది. ఆమె చూడలేదు. చూసినా పైపైన చూస్తే తెలియదు. పండరి చెప్పిన మాట పోసవ్వ చెవిలో గింగురుమంది. బరోబర్ జేసినట్టే నిలబడు. బయట తల్లి నిలబడి ఉంది, చాట ఇంట్లో ఉంది, గోరు తెగిపోయి ఉంది. నోరు మూసుకుంటే చాలు, ఈ గడప దాటవచ్చు.

"అమ్మా," అంది పోసవ్వ. ఉర్దూలో నేర్చిన ముక్కలన్నీ ఎటో పోయి, ఇంటి మాటే వచ్చింది. "నేను తప్పు కట్టిన. గిది బీడీ కట్టుడు. జారిపోతది."

డాక్టరమ్మ తలెత్తింది. పోసవ్వ రెండు వేళ్లతో దారాన్ని పట్టి లాగి చూపించింది. అది వత్తిమీద సర్రున జారి పళ్లెంలో పడింది.

"బీడీ కట్టు ఏమిటి?" డాక్టరమ్మ తెలుగు తెలిసినదే, కాస్త ముక్కలు ముక్కలుగా అడిగింది.

"ఏడు నెలల సంది బీడీలు జేస్తున్న. చేతులు గటే పోయినయి. మళ్ల కడుత, సూడున్రి."

ఈసారి నెమ్మదిగా కట్టింది. ఒక ముడి, దాని మీద ఎదురు ముడి, రెండు వేళ్ల దూరంలో ఇంకో చోట మళ్లీ అంతే. కట్టాక తనే పట్టుకుని గట్టిగా గుంజింది. కదల్లేదు. డాక్టరమ్మ లేచి వచ్చి తనూ గుంజి చూసింది. ఆ తర్వాత పోసవ్వ చేతులు పట్టుకుని తిప్పి చూసింది. కొత్తగా కోసిన గోరూ, పసుపు పచ్చ మరకా, ఎంత తోమినా పోని వాసనా, అన్నీ ఆమెకు తెలిసే ఉంటాయి.

"నేను చూడలేదు. ఎందుకు చెప్పావు?"

"మీకు ఎర్క గాకున్నా, పసిపిల్లకు ఎర్కైతది గదమ్మా."

డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. కిటికీలోంచి వసారా వైపు చూసి, నెమ్మదిగా అంది:

"వాళ్లిద్దరూ బాగా కట్టారు. వాళ్లకు ఇంకో ఊళ్లో దొరుకుతుంది. నేను నెలకోసారి కూడా ఇక్కడికి రాలేను. నేను లేనప్పుడు తప్పు జరిగితే, జరిగిందని చెప్పే మనిషి నాకు ఇక్కడ కావాలి. ఎప్పుడు చేరతావు?"

దీనికి కూడా పండరి ఒక జవాబు నేర్పాడు, హుజూరు ఆజ్ఞ ఎప్పుడైతే అప్పుడని, చేతులు జోడించి చెప్పేది. పోసవ్వ దాన్ని వెతుక్కోలేదు.

"ఇయ్యాల్నే."

డాక్టరమ్మ మొదటిసారి నవ్వింది. కాగితం మీద రెండు వరుసలు రాసి సంతకం పెట్టింది.

ఆ సిరా ఆరకముందే బయట ఎడ్లబండి చప్పుడైంది. బీర్కూర్‌నుంచి నొప్పులు పడుతున్న ఆడమనిషిని తెచ్చారు. చెరకు తోటలో పని చేస్తుంటే పొద్దునే మొదలయ్యాయట. కాలువ గట్టు మీద బండి కుదుపులకు ఆ పిల్ల సగం చచ్చింది. వెంట వచ్చిన అత్త ఎవరిని పిలవాలో తెలియక వసారాలో అటూ ఇటూ తిరుగుతూ, కనిపించిన ప్రతి తెల్లచీరకూ దండం పెడుతోంది.

పోసవ్వ గేటు వైపు చూసింది. పండరి చేతులూపి ఏమైందని అడుగుతున్నాడు. బాలవ్వకు ఇంత దూరం కనిపించదు, అయినా ఇటే చూస్తోంది. వాళ్లకు చెప్పడానికి పోలేదు. కొంగు నడుముకు దోపి, బండి దగ్గరకు ఉరికి, ఆ పిల్ల తల కింద చెయ్యి పెట్టింది.

"అక్కా, ఎప్పటిసంది నొస్తుందే? మెల్లగ లే, నన్ను పట్టుకో."

అత్త అడ్డం వచ్చి నిలబడింది. ఇంత చిన్న వయసు మనిషిని నమ్మాలా వద్దా అని ఆమె కళ్లు పైనుంచి కింది దాకా వెతికాయి.

"నువ్వెవలు బిడ్డా?"

"గీ దవాఖాన నర్సును," అంది పోసవ్వ. గేటు బయట నిలబడ్డవాళ్లకు కూడా వినిపించేంత గట్టిగా అంది.