డిపో అన్నం ముట్టలేదు

మా చిన్న చెల్లెలు పోయిందన్న కబురు, నారపల్లిలో నేను దేవుడి ముందు దీపం పెట్టి లేస్తుండగా వచ్చింది. నాచారంలో దాని పక్కింటావిడ ఫోన్ చేసింది. "ఛాతిల నొప్పంటే ఆటో ఎక్కిచ్చినం అక్కా. దవాఖాన దాకా గూడ పోలే. 'డిపోకు అన్నం పెట్టలే వదినా' అన్నది. గదే ఆఖరి మాట."

డిపో అంటే కుక్క. వెనక కాలు నలిగి ఉప్పల్ బస్సు డిపో దగ్గర దొరికింది.

మా చెల్లెలు ఒంటరి మనిషి. ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని, రెండు గదుల అద్దె ఇల్లు, వెనక కాస్త పెరడు. దెబ్బలు తగిలిన కుక్కల్నీ, ఎవరో వదిలేసినవాటినీ తెచ్చి దాని చేతికిచ్చేవారు. పుండు మాని, మనిషిని మళ్లీ నమ్మి, ఒక ఇల్లు దొరికేదాకా సాకేది. దొరకగానే పంపేసేది. దేనికీ పేరు పెట్టలేదు. దొరికిన చోటే పేరు: స్టేడియం, పిల్లర్, డిపో.

"పేరు పెట్టుడు తీస్కపోయెటోళ్ల పని అక్కా. నేను బస్టాపును. బస్టాపుల ఎవరన్న కాపురం పెడ్తరా?" అనేది.

అడిగినవాళ్లందరికీ ఇచ్చేది కాదు. "మీ ఇంట్ల కోపం ఎవరికెక్కువ? ఊరికి పోతే దీన్ని ఎవరికి అప్పజెప్తరు?" అని నిలదీసేది. ఒకాయన ప్లాటుకు కావలి కోసమన్నాడు. "గయితె తాళం కొనుక్కో అన్నా. దానికి బువ్వ పెట్టే పనుండదు" అని గేటు వేసేసింది.

పంపే ముందు ఒక పద్ధతి ఉండేది. తన పాత చీర ముక్క రెండు రోజులు దిండు మీద వేసుకుని పడుకునేది. కుక్కతో పాటు దాన్నీ మూట కట్టి ఇచ్చేది. కొత్త ఇంట్లో దాని మీద పడుకుంటే బెంగ తగ్గుతుందట. "మనకు కండ్లెట్లనో దానికి వాసన గట్ల" అనేది. నేను విన్నాను, తలూపాను. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని గడప దగ్గరే నిలబడేదాన్ని. ఇంటికి పోయి స్నానం చేస్తే గాని పూజగదిలోకి వెళ్లేదాన్ని కాదు. అది నవ్వేది. "మా అక్క దేవునికి కుక్క వాసన పడదు" అని డిపోకు చాడీలు చెప్పేది.

పెద్దదాన్ని కాబట్టి కర్మలన్నీ దగ్గరుండి చేయించాను. అంటు పోవాలని దాని చీరలు, పరుపు, దిండు అన్నీ తీయించి అవతల పడేయించాను. రెండు గదులూ ఫినాయిల్‌తో నా చేతులతోనే కడిగాను. ఒక్కసారి కాదు, మూడుసార్లు. మంత్రం చదువుకుంటూ కడిగాను.

ఆ మధ్యాహ్నం డిపో గదిలోకి వచ్చింది. మంచం ఉన్న చోట మూతి పెట్టి, తుమ్మి, గిరగిరా తిరిగింది. నా ముఖం చూసింది. నేనేం చేశానో అప్పుడు తెలిసింది. ఒక్క చీరైనా వెనక్కి తెమ్మని పరుగున మనిషిని పంపాను. చెత్త బండి ఎప్పుడో వచ్చి పోయిందన్నాడు.

అప్పటి నుంచి అది నీళ్లు తప్ప ముట్టలేదు. పెరుగన్నం, గుడ్డు, పక్కింటావిడ తెచ్చిన కోడి కాళ్లు, దేనికీ తల ఎత్తలేదు. పశువుల డాక్టరు సూది వేసి, "రోగం లేదమ్మా. గిట్లనే ఉంటె మాత్రం దక్కది" అన్నాడు. నా భర్తకు ఉబ్బసం, మా ఇంటికి తీసుకుపోలేను. దాన్ని తీసుకుపోవడానికి నాగారం నుంచి ఒక తల్లీకూతుళ్లు ఆదివారం వస్తామన్నారు. వాళ్లను మా చెల్లెలే ముందుగా ఒప్పుకుంది. నిన్న ఆ తల్లి ఫోన్ చేసింది. "తింటుందా అక్కా? మా పిల్ల పేరు గూడ పెట్టుకున్నది. మా ఇంటికొచ్చి పానం ఇడిస్తే పిల్ల తట్టుకోలేదు." తింటుందమ్మా అన్నాను. ఎన్నడూ అబద్ధమాడని నోరు.

ఇల్లు అద్దెకిచ్చినాయన కూడా మంచివాడే. "ఫికర్ చెయ్యకమ్మా, ఆదివారం దాకా కుక్కను ఉండనియ్యి. శనివారం రంగులేసెటోళ్లు మాత్రం వస్తరు" అన్నాడు.

ఈ పొద్దున పూజ చేయలేదు. దేవుణ్ణి ఏమని అడగాలో తెలియలేదు. పెరుగన్నం గిన్నెతో నాచారం వచ్చి, కడిగిన బండల మీద కూర్చుని ఊరికే ఏడ్చాను. పెరట్లో ఉన్న డిపో కాలీడ్చుకుంటూ లోపలికి వచ్చింది. నన్ను దాటి, తలుపు మూలకు పోయి నిలబడింది.

అక్కడ గోడ మీద, కూర్చున్న మనిషి తల ఆనేంత ఎత్తులో, అరచేయంత నూనె మరక. డ్యూటీ నుంచి వచ్చి మా చెల్లెలు ఆ గోడకే తల ఆనించి టీ తాగేదట. బండలు కడిగాను గాని గోడ ముట్టలేదు. డిపో ఆ మరకకు ముక్కు ఆనించి కళ్లు మూసుకుంది.

గిన్నె అక్కడికి జరిపాను. చాలాసేపటికి వంగింది. ఒక ముద్ద తిన్నది. తల ఎత్తి గోడ వాసన చూసింది. మళ్లీ వంగి ఇంకో ముద్ద.

రేపు రంగులు వేసేవాళ్లు వస్తారు. ఎల్లుండి నాగారం వాళ్లు. నేను కొంగు అడ్డం పెట్టుకోకుండా దాని పక్కనే కూర్చున్నాను. అది తింటూనే ఉంది, ముద్దకోసారి గోడ వైపు తిరుగుతూ.