అత్తగారింటి ఆకుపచ్చ చుక్క

పత్తర్‌గట్టిలో ఒక మేడ మీద, ఇళ్లకు నెట్ కనెక్షన్లిచ్చే చిన్న ఆఫీసులో, స్క్రీన్ ముందు కూర్చోవడం నా ఉద్యోగం. ఇళ్లలో గోడలకు బిగించిన వైఫై డబ్బాలన్నీ నాకు చుక్కలుగా కనిపిస్తాయి. ఆకుపచ్చ చుక్కయితే డబ్బా బతికున్నట్టు, ఎర్ర చుక్కయితే పోయినట్టు. ఎరుపు కనిపించగానే కదలాలి. నేను ముందు చాయ్ తాగేవాణ్ణి. "అన్నా, నెట్ బంద్ అయింది" అని ఎవరైనా ఫోన్ చేస్తే "అర్ధగంటల వస్త భాయ్" అనేవాణ్ణి. ఆ అర్ధగంట ఎంత పొడుగో మా కస్టమర్లందరికీ తెలుసు.

పెళ్లయిన కొత్తలో అన్నం కంచం ముందు కూడా ఫోన్లో ఆ చుక్కలే చూస్తూ కూర్చునేవాణ్ణి. నా భార్య మా మేనమామ కూతురే, నా సంగతి చిన్నప్పటి నుంచి ఎరిగిన మనిషి. ఒకరోజు అలాగే తింటుంటే "నేను చెప్పేది ఇంటున్నవా బావా?" అంది. ఇంటున్న అన్నాను.

"ఏం చెప్పిన్నో చెప్పు."

అక్కడ మొదలైంది లొల్లి. మర్నాటి నుంచి ఆషాఢం. మొహం తిప్పుకుని చాంద్రాయణగుట్టలో పుట్టింటికి వెళ్లిపోయింది.

కొత్త కోడలు ఆషాఢంలో పుట్టింట్లో ఉండాలి, అల్లుడు ఆ నెలంతా అత్తగారి గడప తొక్కకూడదు. అలిగిన మగాడికి ఇంతకన్నా అనువైన ఆచారం ఏముంటుంది? ఫోన్ చేయడానికి మాత్రం ఏ ఆచారమూ అడ్డు రాదు. అయినా ముందు తనే చేయాలని బిగదీసుకుని కూర్చున్నాను. ఆ ఇంట్లో డబ్బా బిగించింది నేనే. చుక్క మీద నొక్కితే దానికి ఏ ఫోన్లు తగులుకున్నాయో తెలుస్తుంది. పొద్దున లేవగానే నొక్కి చూసేవాణ్ణి. చుక్క పచ్చగా ఉంది, ఆమె ఫోన్ ఉంది, అంటే మనిషి బాగుంది. అదే మా కాపురం.

ఆషాఢం పోయి శ్రావణం వచ్చింది. "పోయి తోల్కరా బిడ్డా" అని అమ్మ రోజూ పోరు పెట్టేది. చూస్తానని కస్టమర్లకు చెప్పినట్టే చెప్పేవాణ్ణి. నిజానికి ఆమె లేని ఇంట్లో నాకు ముద్ద దిగేది కాదు. ఇక రాదేమోనని భయంగా కూడా ఉండేది. ఆ మాట పైకి అనడానికి నామోషీ.

ఒక శుక్రవారం మధ్యాహ్నం అత్తగారింటి చుక్క ఎర్రబడింది. చాయ్ సగంలో వదిలేసి స్కూటర్ తీశాను. అంత వేగంగా నన్ను ఏ కస్టమరూ చూసి ఉండడు. గడప దాటుతుంటే ఏదో సంచి కాలికి అడ్డం తగిలింది. దాన్ని పక్కకు నెట్టి డబ్బా దగ్గరికి పరిగెత్తాను. డబ్బా ప్లగ్గు పీకేసి ఉంది, అక్కడ మిక్సీ ప్లగ్గు పెట్టి ఉంది. పక్కనే అత్తమ్మ కూర్చుని బక్షాలకు పూర్ణం రుబ్బుతోంది.

"వంటింట్ల ప్లగ్గు ఖరాబైంది అల్లుడా, అందుకే గిక్కడ పెట్టిన. ఏమైంది, గట్ల ఉరికొస్తివి?"

"ఏం లేదత్తమ్మా, డబ్బా చూద్దామని" అన్నాను.

నా భార్య వంటింటి తలుపు దగ్గర నిలబడి ఉంది. కాస్త చిక్కింది.

"డబ్బా బంద్ అయితే ఉరికొచ్చినవ్" అంది. "నేను గిన్ని దినాల సంది గిక్కడనే ఉన్న. రాకపోతివి."

"చుక్క పచ్చగనే ఉండె గదా. నువ్వు మంచిగనే ఉన్నవనుకున్న."

నా జన్మలో ఇంతకన్నా తెలివితక్కువ మాట అనలేదు. అయితే అది నిజం.

"గది డబ్బా ముచ్చట బావా" అంది మెల్లగా. "నా ముచ్చట నన్నడగాలె."

నాకు సిగ్గేసింది. తప్పు నాదేనన్నాను, నువ్వు లేకుంటే బాగుంటలేదన్నాను, బట్టలు సర్దుకో, ఇంటికి పోదామన్నాను. ఆమె గడప వైపు చూసింది. నేను కాలితో నెట్టిన సంచి అక్కడే ఒక పక్కకు ఒరిగి ఉంది.

"శ్రావణం వచ్చిన్నాడే సర్దిన" అంది.